బండి ఇంజిన్ ఆయిల్ కారుతోందా? ఏ ప్యాకింగ్ కొనాలి, ఎవరి చేత వేయించాలి

ఇంజిన్ దగ్గర ఆయిల్ కారుతోందని విజయవాడలో ఎవరితోనైనా అనండి, మూడు రకాల సలహాలు వస్తాయి. "ఎందుకొచ్చిన గొడవ, షోరూములో ఇచ్చెయ్" అని ఒకరు. "వీధి చివర షెడ్డులో ప్యాకింగ్ మార్పించు, గంటలో అయిపోతుంది" అని ఇంకొకరు. "దానికెందుకు టెన్షన్, కాస్త అనబాండ్ పేస్టు పూస్తే ఆగిపోతుంది" అని మూడోవాళ్ళు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. కాకపోతే మీ బండి ఎక్కడ కారుతోందో చూడకుండానే చెప్తున్నారు.

నా లెక్క ముందే చెప్పేస్తాను. వారంటీ దాటిన 100, 125 సీసీ బండికైతే ప్యాకింగ్ (గ్యాస్కెట్, అంటే ఇంజిన్ ముక్కల అతుకులో ఆయిల్ కారకుండా పెట్టే పల్చటి పొర) కంపెనీది మీరే కొని తీసుకెళ్ళండి, పని మాత్రం మీ కళ్ళ ముందు చేసే మెకానిక్ చేత చేయించండి. ఎక్కువ మందికి ఇదే సరిపోతుంది. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి ఎక్కడ కారుతోందన్నదాన్ని బట్టి ఉంటాయి.

ముందు చోటు తేల్చుకోండి

చుక్క ఎక్కడ పడుతోందో అక్కడే లీకేజీ ఉందనుకోకూడదు. ఆయిల్ పై నుంచి జారి, గాలికి వెనక్కి పాకి, ఇంజిన్‌లో అన్నిటికన్నా కిందున్న చోట చుక్క కడుతుంది. ఆ చోట చాలా బండ్లకు డ్రెయిన్ బోల్టు ఉంటుంది. పాపం, చెయ్యని తప్పుకి ముందు మాట పడేది అదే. పైన టాపెట్ మూత (వాల్వుల దగ్గర ఉండే చిన్న మూత) దగ్గర మొదలైన ధార కింద డ్రెయిన్ బోల్టు మీద కనిపించడం మామూలే.

తేల్చుకోవడం కష్టమేం కాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బ్రష్షుతో డీజిల్ కొట్టి జిడ్డంతా వదలగొట్టండి. పొడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అనుమానం ఉన్న అతుకుల మీద టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లండి. ఇప్పుడు బెంజ్ సర్కిల్ నుంచి కానూరు దాకా వెళ్ళి రండి. వచ్చాక టార్చి వేసి చూస్తే, తెల్లటి పౌడర్ మధ్య ఆయిల్ తాకిన చోట ముదురు గీత ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత పై కొస పట్టుకోండి, లీకేజీ అక్కడే.

సాధారణంగా దొరికే చోట్లు ఇవి: కుడివైపు క్లచ్ కవర్ అతుకు, ఎడమవైపు మాగ్నెట్ కవర్ అతుకు, టాపెట్ మూతల ఓ-రింగులు (గుండ్రటి రబ్బరు రింగులు), హెడ్డుకూ (వాల్వులుండే పై భాగం) బోరుకూ (పిస్టన్ ఆడే సిలిండర్) మధ్య, బోరుకూ ఛాంబర్‌కూ (క్రాంకు ఉండే కింది పెట్టె) మధ్య, డ్రెయిన్ బోల్టు వాషర్. వీటిలో కవర్ల దగ్గర కాగితం లాంటి ప్యాకింగులు ఉంటాయి. ముందు స్ప్రాకెట్ వెనక నుంచో, గేరు రాడ్డు, కిక్ రాడ్డు చుట్టూనో కారుతుంటే అది ప్యాకింగ్ పని కాదు, ఆ రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు రింగు, అంటే ఆయిల్ సీల్ పని. కవర్ విప్పి ప్యాకింగ్ ఎన్నిసార్లు మార్చినా ఆ సీల్ మార్చనంత వరకు కారుతూనే ఉంటుంది.

విప్పే ముందు ఇంకో రెండు చూడాలి. మొదటిది, ఆయిల్ మోతాదు. చాలా హీరో, హోండా బండ్లకు డిప్‌స్టిక్‌ని మర బిగించకుండా, ఊరికే ఆనించి చూడాలి. మర బిగించి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. తుడవకుండా చూసినా లెక్క తప్పుతుంది. గీత దాటి పోస్తే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న అతుకులోంచి ఆయిల్ బయటికి తోసుకొస్తుంది. రెండోది, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు. దానికి మట్టి పట్టి మూసుకుపోతే అదే జరుగుతుంది. ఇది చూడకుండా ప్యాకింగ్ మారిస్తే కొత్తది కూడా కొన్నాళ్ళకే తడుస్తుంది. పైపు ఊడదీసి ఊదడానికి పైసా ఖర్చు లేదు.

అతుకు వెంబడి కాస్త చెమ్మ, దానికి దుమ్ము అంటుకుని నల్లగా ఉండి, నేల మీద చుక్క పడకపోతే తొందరేం లేదు. వచ్చే ఆయిల్ మార్పిడి దాకా తుడుచుకుంటూ, మట్టం చూసుకుంటూ ఆగొచ్చు. రోజూ చుక్క పడుతున్నా, సైలెన్సర్ మీద పడి కాలిన వాసన వస్తున్నా, వెనక టైరు దాకా జిడ్డు పాకుతున్నా ఆగకూడదు. టైరు మీద ఆయిల్ పడ్డ బండితో ప్రకాశం బ్యారేజీ మీద బ్రేకు వేయాల్సి వస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ప్యాకింగ్: కంపెనీదా, బయటిదా, చేత్తో కోసిందా, పేస్టా

కంపెనీ ప్యాకింగ్ ఎందుకు మేలంటే దాని మందం. క్లచ్ కవర్‌కైనా, బోరు కిందైనా ప్యాకింగ్ పని ఆయిల్‌ని ఆపడం ఒక్కటే కాదు. రెండు ముక్కల మధ్య ఎంత ఎడం ఉండాలో అంతే ఉంచుతుంది కూడా. బోరు కింద ప్యాకింగ్ మందమైతే బోరు పైకి లేస్తుంది, కంప్రెషన్ తగ్గుతుంది. పల్చనైతే పిస్టన్ హెడ్డుకి ఇంకా దగ్గరవుతుంది. అందుకే ఆ చోట, హెడ్డు చోట బయటి సరుకు గురించి ఆలోచనే వద్దు. కవర్ల ప్యాకింగులు మామూలు బండ్లకు కంపెనీవైనా పెద్ద ధరేమీ ఉండవు. కొసరడానికి అక్కడ ఏమీ మిగలదు.

డీలర్ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో బండి మోడల్, సంవత్సరం చెప్పి అడగండి. ఒకే పేరు మీద బీఎస్-4, బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణాలు) బండ్లు ఉన్నాయి, 2020 ఏప్రిల్ తర్వాతివి బీఎస్-6. రెండింటికీ కవర్ ఒకటే అయి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. ఆర్సీ ఫోటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్తే "ఏదోకటి ఇవ్వండి" అనే బాధ తప్పుతుంది. పార్టు నంబరు, ధర ముద్రించిన సీలు కవర్ తీసుకోండి. మడత పడ్డ ప్యాకింగ్ ఇస్తే వెనక్కి ఇచ్చేయండి, మడత దగ్గరే కారడం మొదలవుతుంది.

బయటి కంపెనీల ప్యాకింగుల్లో మంచివీ ఉన్నాయి. పాత మోడల్‌కి కంపెనీది ఆగిపోతే అవే దిక్కు. కొనేటప్పుడు పాతదాని పక్కన పెట్టి రంధ్రాలు, ఆయిల్ దారులు ఒక్కొక్కటీ పోల్చండి. ఒక్క ఆయిల్ రంధ్రం మూసుకుపోయినా కథ మారిపోతుంది. ఫుల్ సెట్ కొనమంటారు, అందులో హెడ్డు దగ్గర్నుంచి కిక్ సీల్ దాకా అన్నీ ఉంటాయి. ఇంజిన్ మొత్తం విప్పుతుంటే సెట్ లాభం. ఒక్క క్లచ్ కవర్ కోసం సెట్ కొంటే మిగతావి గూట్లో ఎండిపోవడానికే.

చేత్తో కోసే ప్యాకింగ్ చూడముచ్చటైన పని. మెకానిక్ కవర్ మీద ప్యాకింగ్ షీటు పరిచి, గుండు సుత్తితో అంచు వెంబడి టకటకా కొట్టుకుంటూ పోతాడు. సుత్తి దెబ్బకీ, కవర్ అంచుకీ మధ్య షీటు తెగి, కవర్ ఆకారం దానంతట అదే ఊడి వస్తుంది. రంధ్రాల దగ్గర గుండు పెట్టి ఒక్క దెబ్బ, గుండ్రంగా బిళ్ళ రాలుతుంది. చేతి పని తెలిసిన పాతకాలపు మేస్త్రీలు ఇప్పటికీ ఇలా చేస్తారు. పార్టు దొరకని పాత బండికి ఇది అసలైన పరిష్కారం. కానీ షీటు మందం అసలుదానికి సరిపోవాలి. అదీగాక, దెబ్బ గట్టిగా పడితే అల్యూమినియం అంచు నలుగుతుంది. రోడ్ల నిండా తిరిగే బండికి, పార్టు పక్క వీధిలో దొరుకుతుంటే, ఈ కష్టం అనవసరం. ఒక జాగ్రత్త: పాత ప్యాకింగుల్లో, కొన్ని షీట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. పాత బండి ప్యాకింగ్ గీకేటప్పుడు పొడిగా గీకి దుమ్ము లేపకుండా, ఆయిల్‌తో తడిపి గీకమనండి.

ఇక పేస్టు. అనబాండ్ లాంటి సీలెంట్లు చెడ్డవి కావు, వాటి చోట అవి కావాలి. ఛాంబర్ రెండు ముక్కలు కలిసే చోట కొన్ని ఇంజిన్లకు కంపెనీయే ప్యాకింగ్ లేకుండా సీలెంట్ మాత్రమే వాడుతుంది. వైరు బయటికొచ్చే రబ్బరు గ్రోమెట్ దగ్గర చిటికెడు పూయడం కూడా సబబే. తంటా ఎక్కడంటే, చిరిగిన ప్యాకింగ్ అలాగే ఉంచి దాని మీద దట్టంగా పూసినప్పుడు. బోల్టులు బిగించగానే బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంతే పొంగుతుంది. బయటిది మీకు కనిపిస్తుంది, తుడిచేస్తారు. లోపలిది గట్టిపడి, ముక్కలై ఊడి, ఆయిల్‌తో తిరిగి, దాన్ని వడకట్టే జాలీలో చిక్కుకుంటుంది. జాలీ మూసుకుపోతే హెడ్డుకి ఆయిల్ అందదు. వంద రూపాయల ప్యాకింగ్ మానేసి కామ్‌షాఫ్ట్ మార్పించుకోవడం అంటే ఇదే.

బయట నుంచి ఎం-సీల్ రాయడం అసలు పరిష్కారమే కాదు. ఊరు వెళ్తూ దారిలో ఛాంబర్‌కి రాయి తగిలి పగిలితే, ఇల్లు చేరడానికి సరే. అతుకు మీద రాస్తే తర్వాత కవర్ విప్పేవాడు దాన్ని ఉలితో చెక్కాల్సి వస్తుంది. బాత్రూముకు వాడే సిలికాన్ అయితే ఆయిల్‌కి ఆగదు.

చిక్కటి ఆయిల్ పోస్తే ఆగుతుందనే మాట కూడా వింటాం. స్ప్లెండర్ లాంటి బండికి కంపెనీ చెప్పేది 10డబ్ల్యు-30. అందులో 20డబ్ల్యు-50 పోస్తే కారడం కాస్త నెమ్మదించొచ్చు, కానీ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైకి ఆయిల్ చేరడం కూడా నెమ్మదిస్తుంది. చిరిగిన ప్యాకింగ్ చిరిగినట్టే ఉంటుంది.

పని ఎవరి చేతికి ఇవ్వాలి

వారంటీ ఉన్న బండి అయితే ఆలోచించకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే. బయట ఒక్క బోల్టు విప్పినా రేపు పెద్ద ఫిర్యాదు వచ్చినప్పుడు "బయట విప్పారు" అనే మాట పడుతుంది. లీకేజీ ఉందని జాబ్ కార్డు మీద రాయించండి. నోటిమాటగా చెప్తే "జనరల్ సర్వీస్ చేశాం" అని బండి కడిగి ఇచ్చేస్తారు. కడిగిన బండి రెండు రోజులు కారనట్టే కనిపిస్తుంది.

వారంటీ దాటాక సర్వీస్ సెంటర్‌లో నాకు నచ్చనిది ఒకటే. మనం గాజు అద్దం ఇవతల కూర్చోవాలి, లోపల పాత ప్యాకింగ్ ఎలా గీకారో కనిపించదు. ప్యాకింగ్ పనిలో సగానికి పైగా ఆ గీకడంలోనే ఉంది. దానికి బదులు టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), మోడల్‌కి తగ్గ పనిముట్లు వాళ్ళ దగ్గర ఉంటాయి. హెడ్డు విప్పాల్సిన పని, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి మాగ్నెట్ కవర్ పని అయితే నేను ఆ ఎక్కువ డబ్బు ఇవ్వడానికే మొగ్గుతాను. మాగ్నెట్ కవర్ లోపల కాయిల్, క్రాంక్ సెన్సర్, వాటి వైర్లు ఉంటాయి. కవర్ పెట్టేటప్పుడు అయస్కాంతం గభాల్న లాగుతుంది. వేళ్ళు నలుగుతాయి, లేదా వైరు నలుగుతుంది. వైరు నలిగితే బండి స్టార్ట్ కాకపోవడం అనే కొత్త తలనొప్పి.

వీధి షెడ్డు మెకానిక్ దగ్గర లాభం, మీరు పక్కనే స్టూలు వేసుకుని కూర్చోవచ్చు. చూడాల్సినవి రెండే. కవర్ ఊడకపోతే అతుకులో స్క్రూడ్రైవర్ పెట్టి పొడుస్తున్నాడా, లేక రబ్బరు సుత్తితో చుట్టూ తడుతున్నాడా? పొడిస్తే అల్యూమినియం మీద గీత పడుతుంది, ఏ ప్యాకింగూ ఆ గీతని పూడ్చలేదు. తర్వాత, పాత ప్యాకింగ్ ముక్కలు పూర్తిగా పోయేదాకా గీకి, గుడ్డతో తుడిచి, వేలి గోరుతో తడిమి చూస్తున్నాడా? తడిమే మెకానిక్ దొరికితే వదులుకోకండి. "అన్నా, ప్యాకింగ్ నేనే తెచ్చా, పేస్టు లేకుండా వేస్తావా?" అని ముందే అడగండి. "కొద్దిగా పూస్తే గ్యారంటీ గురువుగారూ" అంటే, ఎక్కడ, ఎంత అని అడగండి. "రెండు పక్కలా ఫుల్లుగా" అంటే వేరే షెడ్డు చూసుకోండి.

ఇంకో సంగతి. ఆటోనగర్ అంటే ప్రధానంగా లారీల లోకం. బాడీ బిల్డింగ్, లేత్, బోరు పనులకు దానికి సాటి లేదు. ఒట్టి క్లచ్ కవర్ ప్యాకింగ్ కోసం భవానీపురం నుంచి ట్రాఫిక్‌లో అంత దూరం వెళ్ళడంలో అర్థం లేదు. ఆటోనగర్ అవసరం పడేది మూడు చోట్ల: డ్రెయిన్ బోల్టు మర పోయి హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయించాల్సి వచ్చినా, కవర్ వంకర తిరిగి ఫేసింగ్ పట్టించాల్సి (అంచు చదును చేయించాల్సి) వచ్చినా, పగిలిన ఛాంబర్‌కి అల్యూమినియం వెల్డింగ్ కావాలన్నా. గుంటూరు వాళ్ళకు అక్కడి ఆటోనగర్ ఉండనే ఉంది.

సొంతంగా చేసుకోవడం సరదా ఉన్నవాళ్ళకు డ్రెయిన్ వాషర్, టాపెట్ మూత ఓ-రింగులు మంచి మొదలు. స్ప్లెండర్ లాంటి ఇంజిన్‌కి బోరు దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది కాబట్టి ఒక టాపెట్ మూత కిందికి చూస్తుంది. దాని ఓ-రింగు గట్టిపడితే ఆయిల్ నేరుగా సైలెన్సర్ బెండు మీదకి దిగుతుంది. అంతంత మాత్రం లీకేజీకే కాలిన వాసన వచ్చి ఇంట్లో అందరినీ హడలెత్తించేది ఇదే, కొన్ని రూపాయల రబ్బరుతో పోయేదీ ఇదే. డ్రెయిన్ వాషర్ కూడా అంతే. పాతదే మళ్ళీ మళ్ళీ వేసి, కారుతోందని బోల్టు ఇంకా బిగించి, చివరికి మర పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ.

క్లచ్ కవర్ ఒక మెట్టు పైది. ఆదివారం పొద్దున ఖాళీ ఉంటే చేసుకోవచ్చు. ఆయిల్ తీసి, ఫుట్‌రెస్టు, కిక్ రాడ్డు, క్లచ్ కేబుల్ విప్పాలి, కొన్ని బండ్లకు సైలెన్సర్ కూడా. బోల్టులు అన్నీ ఒకే పొడుగు ఉండవు. అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఏ చోటిదో ఆ రంధ్రంలోనే గుచ్చి పెట్టుకోండి. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో బిగిస్తే ఛాంబర్ పగులుతుంది. కవర్‌కి రెండు చిన్న గొట్టం పిన్నులు ఉంటాయి, అవి పడిపోకుండా చూసుకోండి. కొత్త ప్యాకింగ్ వాటి మీదే కూర్చుంటుంది.

విప్పాక మీకు ఇంకో లాభం ఉంది, చాలామంది వదిలేస్తారు. పాత స్ప్లెండర్ తరహా ఇంజిన్లలో కుడివైపు క్రాంకు కొసన గుండ్రటి మూత కింద సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ ఉంటుంది. తిరిగే వేగానికి ఆయిల్‌లోని మురికంతా దాని గోడలకు అంటుకుని నల్లటి లేపనంలా పేరుకుంటుంది. మూడు స్క్రూలు తీసి, పెట్రోలు తడిపిన గుడ్డతో తుడవండి. కింద జాలీ కూడా లాగి కడగండి. మామూలు సర్వీసుల్లో ఈ కవర్ విప్పరు కాబట్టి మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో. మెకానిక్ చేత చేయించినా ఈ రెండూ అడిగి చేయించండి, అదనంగా కొంత ఇచ్చినా ఫరవాలేదు.

బిగించేటప్పుడు అన్నీ ముందు వేళ్ళతో తిప్పి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. 6 మి.మీ. బోల్టుకి 10 న్యూటన్ మీటర్ల చుట్టూ చాలు. టార్క్ రెంచి లేకపోతే పొట్టి టీ పానా వాడండి, పొడుగు రాడ్డు తగిలించి బలం చూపించొద్దు. బోల్టు దిగే మర ఉన్నది మెత్తటి అల్యూమినియంలో.

హెడ్డు, బోరు కింది ప్యాకింగ్ మాత్రం సొంతంగా వద్దు. టైమింగ్ చైన్ ఒక్క పన్ను తప్పినా బండి సరిగా నడవదు, కొన్ని ఇంజిన్లలో వాల్వులు వంగుతాయి కూడా.

కొన్ని ప్రత్యేక సందర్భాలు

సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నారా? 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు ఎన్నో బండ్లు నీళ్ళలో మునిగాయి. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపల నీళ్ళు కలిశాయని. అప్పుడు ప్యాకింగ్ గురించి కాదు, ఇంజిన్ మొత్తం గురించి బేరం ఆడాలి. అతుకుల చుట్టూ కొత్తగా మెరిసే సిలికాన్ ఉంటే, ఎందుకు విప్పారని అడగకుండా డబ్బు ఇవ్వకండి.

డెలివరీ పనికి రోజంతా తిప్పే బండి అయితే నా సలహా కాస్త మారుతుంది. బండి ఒక పూట ఆగినా ఆదాయం ఆగుతుంది కాబట్టి షెడ్డు మెకానిక్ చేత రాత్రి వేయించండి. ప్యాకింగ్ పొడిగా వేస్తే వెంటనే తిప్పొచ్చు. ఎక్కడైనా సీలెంట్ తప్పనిసరి అయితే ట్యూబు మీద రాసిన గంటలు ఆగాలి, పూర్తిగా గట్టిపడటానికి మామూలుగా ఒక రోజు. "పది నిమిషాల్లో తీసుకెళ్ళొచ్చు" అనేవాళ్ళ మాట పట్టుకుని ఆయిల్ పోయిస్తే ఆ పేస్టు ఉన్నా లేనట్టే.

బుల్లెట్ లాంటి పెద్ద ఇంజిన్ పాతదైతే కాస్త చెమ్మను చూసీ చూడనట్టు పోయేవాళ్ళున్నారు. పాత మోడల్ విషయంలో నేనూ వాళ్ళ పక్షమే. కొత్తది మాత్రం కారకూడదు.

పని అయ్యాక ఇంజిన్ మూడు నిమిషాలు ఆన్ చేసి, ఆపి, కాసేపు ఆగి మట్టం చూడండి. పాత ప్యాకింగ్ అడిగి తీసుకోండి, ఎక్కడ చిరిగిందో దాన్ని చూస్తే తెలుస్తుంది. రెండు మూడు రోజులు తిప్పాక, ఇంజిన్ చల్లారినప్పుడు అతుకు వెంబడి తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. కొత్త ప్యాకింగ్ వేసినా అదే చోట మళ్ళీ తడి వస్తుంటే మూడో ప్యాకింగ్ కొనకండి. కవర్ విప్పించి, గాజు పలక మీద బోర్లా పెట్టి, కింద నుంచి కాగితం దూరుతుందేమో చూడమనండి. దూరితే కవర్ వంకరపోయినట్టే. లేత్‌లో ఫేసింగ్ పట్టించడమా, కొత్త కవర్ కొనడమా అన్నది అప్పుడు ధర చూసి తేల్చుకోండి.